యేసుదానానికి డ్రైవర్ కావాలె

రెండేళ్లపాటు ఒక మొగుడూ పెళ్లాల ముచ్చట్లన్నీ నా చేతుల మీదుగా నడిచాయి. సరదాపడి నెత్తికెత్తుకున్న పని కాదు. గోదావరిఖనిలో మా క్వార్టర్ల వరుస మొత్తానికి ఫోన్ ఉన్నది మా ఇంట్లోనే. పక్కింటి యేసుదానానికి చెవులు వినపడవు. అతని భార్య గ్లోరియా మస్కట్‌లో నర్సు. ఇక తప్పించుకునేది ఎట్లా? ప్రతి శుక్రవారం ఆమె ఫోన్ చేసేది. ఆమె మాట నేను పలక మీద రాస్తే, అతను చదివి రిసీవర్‌లోకి జవాబు అరిచేవాడు. వినపడని మనిషికి తన గొంతు ఎంత పెద్దదో తెలియదు కదా. ఆ అరుపుకు వాడకట్టులో కుక్కలు లేచేవి గాని, అవతల గ్లోరియాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. చివరికి నేనే రిసీవర్ లాక్కొని, "వండుకొనే తింటున్నడంట, మందులు ఏసుకుంటున్నడంట" అని అప్పజెప్పేదాన్ని. అంతలో నిమిషాలు అయిపోయేవి. నేనొకదాన్ని ఆ లైన్లో ఉన్నానన్న సంగతి ఇద్దరికీ గుర్తుండేది కాదు.

యేసుదానం పుట్టు చెవిటివాడు కాదు. వాళ్ల నాన్న కాలం నుంచీ బాయి పనే, బొగ్గుగనిలో. ఇతను భూమి లోపల హాలేజీ ఇంజన్ నడిపేవాడు, అంటే బొగ్గు నింపిన టబ్బులను ఇనుప తాడుతో లాగే యంత్రం. ఆ పనంతా గంటల మీద నడుస్తుంది. లోపలి నుంచి ఒక తీరుగా గంట కొడితే లాగాలి, ఇంకో తీరుగా కొడితే ఆపాలి. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది కూడా ఇతనే. గ్లోరియా మస్కట్ వెళ్లిన కొద్ది నెలలకే జ్వరం పట్టుకుంది. దవాఖానలో ప్రాణం దక్కింది, చెవులు దక్కలేదు. గంట వినపడనివాడికి ఇంజన్ ఇవ్వరు కాబట్టి పైన లాంప్ రూంలో వేశారు. షిఫ్టుకు దిగేవాళ్ల టోపీ దీపాలు ఛార్జింగ్ పెట్టి, ఎవరి నంబరు దీపం వాళ్లకు అందించడం అక్కడి పని.

సంగతి తెలిసిన రోజే గ్లోరియా వచ్చేస్తానంది. ఇతనే వద్దని అరిచాడు. అంటే చెవులు పోయిన మొగుణ్ని ఆమె ఇంతవరకూ చూడనేలేదు.

బాయి లోపల చీకట్లో కేకల కంటే దీపమే నయమట. టోపీ దీపం పైకీ కిందికీ ఊపితే రమ్మని, అడ్డంగా ఊపితే ఆగమని. మేమిద్దరమూ అదే పద్ధతి పెట్టుకున్నాం. ఫోన్ మోగగానే నేను టార్చి తీసుకుని మా కిటికీలోంచి అతని గోడ మీద పైకీ కిందికీ ఊపేదాన్ని. చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తి వచ్చేవాడు.

రెండు వేల రెండులో, గ్లోరియా ఒప్పందం ముగియబోతున్న రోజుల్లో, ఒక శుక్రవారం ఆమె అడిగింది: "వదినా, మళ్ల రెండేండ్లకు సంతకం పెట్టమంటున్నరు. నెలాఖరు గురువారం దాక టైమిచ్చిన్రు. రానా, ఉండనా? ఆయనను అడుగు."

పలక మీద రాశాను. మా వాకిట్లో నల్లా దగ్గర బిందెలు పెట్టుకుని నలుగురు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. యేసుదానం పలక చూశాడు, వాళ్లను చూశాడు, ఫోన్లోకి "నీ ఇష్టం!" అని అరిచాడు. ఏనాడూ అర్థం కాని అతని మాట ఆనాడు మాత్రం అవతలికి అక్షరం పొల్లుపోకుండా వినపడింది. గ్లోరియా "సరే వదినా" అని పెట్టేసింది.

నాకు ఒళ్లు మండింది. పలక తుడిచి రాశాను. "నీ ఇష్టమేందిరా? రెండేండ్లాయె. రమ్మనుటానికి నోరు రాదా?"

అతను గొంతు తగ్గించాలని చూశాడు గాని తగ్గలేదు. "అక్కా, నువ్వు లేక ఇల్లు కరుస్తున్నదని ఈళ్లందరు వినేటట్టు ఒర్రాలెనా? నాకు మెల్లగ మాట్లాడాలె. నా పెండ్లాంతోని మెల్లగ మాట్లాడి రెండేండ్లయింది."

నల్లా దగ్గరి ఆడవాళ్లకు అదీ వినపడింది. నా కోపం అక్కడికక్కడే చల్లారిపోయింది.

మెల్లగా మాట్లాడటానికి అతనికి తెలిసిన దారి ఒకటే, చాటింగ్. చెవులు పోయాక సదానందం టైపు ఇన్‌స్టిట్యూట్‌లో టైపింగ్ నేర్చుకున్నాడు. సదానందం కొత్తగూడేనికి మకాం మారుస్తూ ఒక పాత కంప్యూటర్ ఇతనికి వదిలేసి పోయాడు. దాని కాలం ఎప్పుడో చెల్లింది, దాంట్లోని విండోస్ కూడా మొదటి రోజులది. అయినా ఇతను దానికి ముసుగు కుట్టించి పెళ్లికూతురిలా చూసుకునేవాడు.

"చౌరస్తల నెట్ సెంటర్ ఉన్నది కదా" అని రాశాను.

లేకేం, ఉంది. కాని పదింటికి తెరుస్తారు. గ్లోరియా నైటు డ్యూటీ దిగాక, ఆసుపత్రి కంప్యూటర్ ఖాళీగా ఉండేది మనకు పొద్దున ఏడున్నర వేళ, అదీ ఒక అరగంట. పైగా ఆ సెంటర్లో పక్కవాడి తల మన భుజం మీదే ఉంటుంది. "పోనీ మెయిల్ పెట్టు" అని రాస్తే, "అది ఉత్తరమే అక్కా. ఉత్తరంల కొట్లాడస్తదా, బతిమాలస్తదా? ఒక మాట అంటే ఎంబడే ఇంకో మాట రావాలె" అన్నాడు. ఏ వేళకు ఎక్కడ కలుసుకోవాలో చెప్పడానికి మాత్రం సెంటర్‌కు పోయి ఒక మెయిల్ పెట్టి వచ్చాడు.

మా ఫోన్ తీగను కిటికీలోంచి వాళ్లింటికి లాగాం. ఫోన్ తీగకూ కంప్యూటర్‌కూ నడుమ ఉండే పెట్టె, మోడెం, కొత్తది తెచ్చాడు. దాన్ని కంప్యూటర్ వెనక సీరియల్ పోర్టు అనే సాకెట్‌కు తగిలించాడు. మోడెంతో ఇచ్చిన డిస్కు పెడితే కంప్యూటర్ ఒప్పుకోలేదు. ఈ డ్రైవర్ కొత్త విండోస్‌కే పనిచేస్తుందని తెర మీద రాసింది. డ్రైవర్ అంటే ఆ సాకెట్‌ను నడిపే చిన్న ప్రోగ్రామట. ఫోన్లో సదానందాన్ని అడిగితే, బొమ్మలు లేకుండా అక్షరాలు మాత్రమే వచ్చే రకం కనెక్షన్ తీసుకోమన్నాడు. దానికి విండోస్‌లో ముందే ఉన్న పాత డ్రైవర్ చాలునన్నాడు.

మొదటి పొద్దు నేను కూడా వెళ్లి కూర్చున్నాను. మోడెం కీచుకీచుమని ఒకటే రొద. అతనికి ఆ రొదతో పని లేదు. దాని ముందు వరుసగా ఉన్న ఎర్ర దీపాలను చూస్తున్నాడు. ఏ దీపం వెలిగితే లైను పట్టినట్టో, ఏది మినుకుమంటే అక్షరాలు వస్తున్నట్టో అప్పటికే కనిపెట్టేశాడు. లాంప్ రూం మనిషికి అది ఒక లెక్కా?

నల్లటి తెర మీద గ్లోరియా పేరు వచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. అయితే మాటలు పళ్లూడినట్టు వచ్చాయి. "బగునవ" అని వచ్చింది. బాగున్నవా అని మేమే సర్దుకున్నాం. ఏం తిన్నావని అడిగినట్టుంది, సగం అక్షరాలు లేవు. ఇద్దరమూ నవ్వుకున్నాం. తర్వాత "నేను రాన్" అని వచ్చింది. ఆ పైన ఏమీ లేదు. అరగంట అయిపోయినట్టుంది, గ్లోరియా పేరు తెర మీంచి వెళ్లిపోయింది.

మా నవ్వు ఆగిపోయింది. రాను అన్నదా? రానా అని అడిగిందా? అంతా ఆ పోయిన అక్షరంలోనే ఉంది.

ఆమె ఉండే నర్సుల హాస్టల్ ఫోన్‌కు మనం చేయడం కుదరదు, ఆమె చేయాల్సిందే. డ్యూటీ మారి ఈ శుక్రవారం ఫోన్ చేయలేనని, మళ్లీ చాటింగ్‌కు దొరికేది గడువుకు ముందటి బుధవారం పొద్దుననేనని ముందే మెయిల్‌లో రాసింది; ఆ పై శుక్రవారానికి గురువారం దాటిపోతుంది. "మెయిల్ పెట్టి అడుగురా" అని పలక మీద రాశాను.

"ఏమని అడగాలె? రాను అన్నవా, రానా అన్నవా అనా? రాను అనే అని ఉంటే మళ్ల అడిగి అనిపించుకోవాలెనా?" అన్నాడు. మళ్లీ తనే, "నా కండ్ల ముందటనే చెప్పాలె అక్కా. ఈ అక్షరాలు ఎక్కడ పోతున్నయో పట్టుకుంట. ఇదేమన్న దయ్యమా, మిషినే కదా" అన్నాడు.

నేను అతని మొండితనాన్ని చాలా తిట్టాను. ఈసారి తిట్టలేకపోయాను.

ఆ వారం అతనిది రెండో షిఫ్టు. మధ్యాహ్నం డ్యూటీకి పోయేదాకా మా లైను అతనిదే. మా ఆయన గొణిగితే నోరు మూయించాను. లైను కలవగానే అవతలి కంప్యూటర్ స్వాగతమంటూ ఒక పేజీ పంపుతుంది, ఎప్పుడూ అదే పేజీ. దాన్ని మళ్లీ మళ్లీ తెప్పించుకుని, ఏ అక్షరాలు రాలిపోతున్నాయో వేలు పెట్టి చూసేవాడు. తీగ మార్చాడు. మౌస్ పీకేశాడు. వేగం తగ్గించాడు. రాలడం తగ్గింది గాని మానలేదు.

చివరికి సదానందానికి ఫోన్ చేశాం. మళ్లీ నేనే నడుమ. సదానందం చెప్పింది అర్థం కాకుండానే పలక మీదకు ఎక్కించాను. "అక్కా, ఆ పోర్టుల చిప్పుకు పదహారు అక్షరాలు పట్టే జాగ ఉన్నది. పాత డ్రైవర్‌కు ఆ సంగతి తెల్వదు, ఒక్కదాన్నే పట్టుకుంటది. దాన్ని తీసేలోపల ఇంకోటి వచ్చి పడితె ఒకటి పోతది. గా పాత విండోస్ కోసమే చేసిన వేరే డ్రైవర్ ఉన్నది. ఫ్లాపీల నా దగ్గర్నే ఉన్నది."

యేసుదానం పలక చదివి నెత్తి కొట్టుకుని నవ్వాడు. "పదహారు టబ్బులు నిలవెట్టుకొని ఒక్క టబ్బులనే పోస్తున్నడా డ్రైవరు! బొగ్గు కింద పడక ఏమైతది?"

మందు తెలిసింది. అది కొత్తగూడెంలో ఉంది. సదానందం దగ్గర నెట్ లేదు, పోస్టులో వేస్తే గురువారం దాటుతుంది. నెట్ సెంటర్ పిల్లలు అంత పాత సరుకు తామెన్నడూ చూడలేదన్నారు. తానే పోతానంటే లాంప్ రూంలో ఇంకొకతను సెలవులో ఉన్నాడు, ఇతనికి సెలవు దొరకలేదు.

ఆ సాయంత్రం నల్లా దగ్గర మల్లక్క, "ఏందే అనసూర్యా, మొఖం గట్ల పెట్టినవ్?" అని అడిగింది. నా ఫికర్ అంతా వెళ్లగక్కాను. "ఏం చెప్పాలె మల్లక్కా, మా యేసుదానానికి జల్ది డ్రైవర్ కావాలె. పాత డ్రైవర్ సక్కగ చేస్తలేడు. మంచి డ్రైవర్ కొత్తగూడెంల ఉన్నడంట, ఇక్కడికి ఎట్ల తెచ్చుడో తెలుస్తలేదు." అతను మాట్లాడీ మాట్లాడీ ఆ డ్రైవర్ నాకు కూడా మనిషైపోయాడు.

మరునాడు ఆదివారం పొద్దున ఖాకీ చొక్కా వేసుకున్న ఒక మనిషి యేసుదానం వాకిట్లో నిలబడ్డాడు. మల్లక్క తమ్ముడు బుచ్చన్న, బస్సు డ్రైవర్.

"బండెక్కడున్నది?" అని అడిగాడు నన్ను.

"ఏం బండి?"

"నడపాల్సిన బండి. మా అక్క చెప్పింది, పాతాయన సక్కగ నడుపుతలేడంట కదా. కొత్తగూడెం పోవుడెందుకు, నేను లేనా?"

నవ్వాపుకోలేక నేను గోడ పట్టుకున్నాను. అతని తప్పేముంది? మా దగ్గర డ్రైవర్ అంటే మనిషే. హాలేజీ డ్రైవర్, డంపర్ డ్రైవర్, బస్సు డ్రైవర్. సంగతి పలక మీద రాసి చూపిస్తే యేసుదానం బుచ్చన్న చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయి కంప్యూటర్ చూపించాడు. "ఇదే నా బండి తమ్మీ!"

బుచ్చన్న ముందు చూశాడు, వెనక చూశాడు, వంగి బల్ల కింద కూడా చూశాడు. "దీనికి డ్రైవర్ ఏందన్నా, కూసునే జాగనే లేదు!"

నవ్వులయ్యాక నేను అతనికి మొదటి నుంచీ చెప్పాను. గ్లోరియా సంగతి, పోయిన అక్షరం సంగతి, గురువారం సంగతి. బుచ్చన్న నవ్వడం మానేశాడు. "నేను నడిపేది కొత్తగూడెం బస్సే కదా అక్కా. రేపు మాపటికి తెచ్చిస్త" అన్నాడు.

అన్నట్టే తెచ్చాడు. మరునాడు పొద్దున ఫ్లాపీ పెడితే కంప్యూటర్ గరగరమంది, చదవలేకపోతున్నానని రాసింది. మళ్లీ పెట్టాడు, మళ్లీ అంతే. యేసుదానం మొహం పాలిపోయింది. నేను మల్లక్క ఇంటికి పోయి బుచ్చన్నను లేపుకొచ్చాను.

"ఎట్ల తెచ్చినవయ్యా?"

"ఎట్ల తెచ్చుడేంది, కండ్ల ముందట పెట్టుకొని తెచ్చిన" అన్నాడు గర్వంగా. "స్టీరింగ్ ముందట మల్లన్న బిల్ల ఉంటది నాకు, అయస్కాంతం బిల్ల. దానికింద పెట్టి ఇనుప రేకుకు అతికిచ్చిన. ఎన్ని గుంతలొచ్చినా కదల్లే."

అయస్కాంతం తగిలితే ఫ్లాపీలో ఉన్నది తుడిచిపెట్టుకుపోతుంది. ఆ సంగతి చెప్పగానే బుచ్చన్న కుర్చీలో కూలబడ్డాడు. "అయ్యో, దేవుని కాడ పెడితె పదిలముంటదనుకున్ననే!"

అతని పెదాలు చూసి ఆ మాట పోల్చుకున్నట్టున్నాడు, యేసుదానం అతని భుజం తట్టాడు. "మల్లన్న తప్పు కాదు, నీ తప్పు కాదు. అయస్కాంతం తప్పు. రేపు బుధవారం ఒక్క పొద్దే ఉన్నది మనకు. ఇంకోసారి పోతవా?"

ఆ రోజు బుచ్చన్న బండి ఎక్కాల్సిన రోజు కాదు. పరుగెత్తి డిపోకు పోయి ఇంకొకతనితో డ్యూటీ మార్చుకున్నాడు. ఈసారి ఫ్లాపీని రుమాల్లో చుట్టి టిఫిన్ డబ్బాలో పెట్టి, డబ్బాను ఒళ్లోనే పెట్టుకుని నడిపాడట. రాత్రి డబ్బా మా ఇంట్లో ఇచ్చిపోయాడు. తెల్లారి మూత తీస్తే ఫ్లాపీకి మామిడికాయ తొక్కు వాసన.

ఈసారి చదివింది. ఆ డ్రైవర్‌ను కంప్యూటర్లోకి ఎక్కించి, విండోస్ సెట్టింగుల్లో ఒక వరుస మార్చి పాతదాని పేరు తీసి కొత్తదాని పేరు రాయాలి. రాసి, కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాడు. తెర నల్లగా నిలిచిపోయింది. నేను నెత్తిన చేతులు పెట్టుకున్నాను. అతను మాత్రం గాబరా పడలేదు. విండోస్ లేని ఆ నల్ల తెర మీదనే ఆ వరుసను మళ్లీ తెరిచి వేలు పెట్టి చూసుకున్నాడు. పేరులో ఒక అక్షరం మింగేశాడు! ఇన్నాళ్లూ అక్షరాలు మింగుతున్నావని మిషన్‌ను తిట్టి ఇప్పుడు తానే మింగాడు. దిద్దాడు. విండోస్ లేచింది.

ఫోన్ కలిపాడు. ఎర్ర దీపాలు ఒక్కొక్కటే వెలిగాయి. స్వాగతం పేజీ వచ్చింది. మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా వేలు పెట్టి చూశాడు. ఒక్క అక్షరం రాలలేదు.

గ్లోరియా పేరు వచ్చింది.

అతను టైపు చేశాడు. "మొన్న ఏమన్నవ్?"

దీపం మినుకుమంది. మాట నిండుగా వచ్చింది. "నేను రానా అని అడిగిన. నువ్వేం చెప్పకపోతివి."

ఆమె అడిగింది! ఆ ‘నీ ఇష్టం’ తర్వాత కూడా మళ్లీ అడిగింది. ఇతను ఇక్కడ అక్షరం వెతుక్కుంటుంటే ఆమె అక్కడ జవాబు రాలేదని కూర్చుంది. నాకు కళ్లనీళ్లు ఆగలేదు. "రమ్మని రాయిరా, జల్ది రాయి" అని అతని వీపు మీద గుద్దాను.

యేసుదానం వెనక్కి తిరిగాడు. బల్ల మీది టార్చి తీసుకుని, నా మొహానికి ఎదురుగా అడ్డంగా ఊపాడు.

ఆగు అని. చాలు, ఇక బయటికి పో అని.

"అరే, రెండేండ్లు మీ ముచ్చట మోసినదాన్ని!" అన్నాను. వినపడితే కదా. ఇంకోసారి ఊపాడు. బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేశాను. గోడ పక్కనే నిలబడ్డాను, అబద్ధమెందుకు. ఎంతసేపు నిలబడ్డా బటన్ల టకటక తప్ప ఏమీ తెలియలేదు. వాడకట్టు మొత్తానికి వినపడే మనిషి ఆనాడు గోడ అవతలున్న నాకు కూడా వినపడలేదు. నాకు ఉక్రోషంగానూ ఉంది, కడుపు నిండినట్టూ ఉంది.

ఆ రోజు డ్యూటీకి పోతూ నాతో ఒక్క ముక్క చెప్పలేదు. గురువారమూ చెప్పలేదు. అడగడానికి నాకు పౌరుషం అడ్డమొచ్చింది.

శుక్రవారం ఫోన్ మోగింది. అలవాటు కొద్దీ ఒక చేత పలక, ఒక చేత టార్చి పట్టుకుని రిసీవర్ ఎత్తాను. "ఆగు పిల్లా, పిలుస్త" అన్నాను.

"ఆయనను పిలువకు వదినా. మేం మంచిగ మాట్లాడుకున్నం. సంతకం పెట్టలే. వచ్చే నెల వస్తున్న."

"సల్లగుండు తల్లీ. మరి గిప్పుడు ఫోన్ ఎందుకు చేసినవే?"

"నీతోని మాట్లాడుదామని. నువ్వెట్ల ఉన్నవ్ వదినా?"

ఆ రెండేళ్లలో ఆ ఫోన్ నన్ను అడిగిన మొదటి మాట అది. నా చెయ్యి దాని అలవాటున అది పలక మీద రాసేసింది, "నువ్వెట్ల ఉన్నవ్" అని. ఎవరికి చూపించాలా అని చుట్టూ చూశాను. అది నాకేనని అర్థమయ్యాక, పలక తుడిచి పక్కన పెట్టి, పీట లాక్కుని కూర్చుని, మోకాళ్ల నొప్పి దగ్గర మొదలుపెట్టి అన్నీ చెప్పాను.